నన్ను నిరుద్యోగిగా రాసిన బాబాయి

బాబాయి పోయాడు. మంగళవారం పొద్దున పదిన్నరప్పుడు మాచర్ల బస్టాండులో సిమెంటు బెంచీ మీద కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయాడట. ఎవరో మొహం మీద నీళ్ళు చల్లారు, ఎవరో ఆటో పిలిచారు. ఆసుపత్రికి చేరేసరికే అయిపోయిందన్నారు. మా ఆయన ఫోన్ చేసి ఈ మాట చెప్పినప్పుడు నాకు ముందు ఏడుపు రాలేదు. "అయ్యో, ఆయనతో నా తగాదా ఇంకా తేలనే లేదే!" అనుకున్నాను. పోయిన మనిషి మీద కోపమేమిటి తల్లీ అని మీరనుకోవచ్చు. ఏడుపు తర్వాత వచ్చింది, బాగానే వచ్చింది. కోపం మాత్రం ఇప్పటికీ పోలేదు.

ఆయన నాకు సొంత బాబాయి కాదు. మా పుట్టింటివాళ్ళదీ ఆయనదీ ఒకటే ఊరు, శావల్యాపురం. అందుకని నేను మాచర్లకు కోడలిగా వచ్చిన రోజు నుంచీ మూడిళ్ళ అవతల ఉండే ఆయన నాకు బాబాయి, ఆయన భార్య పిన్ని. ఆయన ఉద్యోగం ఇళ్ళిళ్ళూ తిరిగి ఎవరికి పని ఉంది, ఎవరికి లేదు అని అడిగి రాసుకోవడం. దేశంలో నిరుద్యోగం ఇంత అని టీవీలో ఒక అంకె చెబుతారు చూడండి, ఆ అంకె కోసం ఊరూరా తిరిగేవాళ్ళలో మా బాబాయి ఒకడు. పర్మినెంటు కాదు, కాంట్రాక్టు. తల నెరిసినా కాంట్రాక్టే.

ఆయన పద్ధతులే వేరు. చెప్పులు విప్పితే వాటి ముక్కులు వీధివైపు తిప్పి పెట్టేవాడు. డ్యూటీలో ఉంటే మంచినీళ్ళు తప్ప ఎవరింట్లోనూ ఏమీ పుచ్చుకునేవాడు కాదు. "కాఫీ తాగితే మొహమాటమొస్తది. మొహమాటమొస్తే రెండో ప్రశ్న అడగలేం" అనేవాడు. అన్నిటికన్నా విచిత్రం, ప్రశ్నలు మొదలుపెట్టగానే ఎంతటివాళ్ళనైనా, ఎంత చిన్నవాళ్ళనైనా 'మీరు' అనేవాడు. మామూలుగా "ఏందే అమ్మాయ్, కూరేం చేశావ్?" అని పలకరించే మనిషి ట్యాబ్ తెరవగానే "మీ వయసెంతండీ? ఎంతవరకు చదువుకున్నారండీ?" అని అడుగుతుంటే నాకు నవ్వాగేది కాదు. "నా చదువు నీకు తెలీదా బాబాయ్?" అంటే, "నాకు తెలిసింది రాయనండీ, మీరు చెప్పింది రాస్తా" అనేవాడు. ఈ ఒక్క మాటతోనే ఆయన నన్ను దాదాపు ఏడాదిపాటు కాల్చుకు తిన్నాడు.

సంగతేమిటంటే, నేను ఆరేళ్ళపాటు ఒక నాపరాళ్ళ పాలిషింగ్ యూనిట్ ఆఫీసులో కంప్యూటరు మీద బిల్లులు కొట్టాను. మా ఆయన ఆ బండలు మోసే లారీకి డ్రైవరు. నిరుడు కార్తీకంలో దేశమంతా మాంద్యం, మాంద్యం అన్నారు. ఆ పెద్ద మాట మాకెందుకు గాని, బండలు కొనేవాడు లేకుండా పోయాడు. ఇళ్ళు కట్టేవాళ్ళు ఆపేశారు. మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి, లారీ షెడ్డెక్కింది. "మళ్ళీ పిలుస్తాలేమ్మా" అని యజమాని నాతో అన్నాడు, ఇంకా పిలుస్తూనే ఉన్నాడు. ఒకే నెలలో మొగుడూ పెళ్ళాలిద్దరం ఇంట్లో కూర్చున్నాం.

సరిగ్గా అప్పుడే మా వీధి సర్వేలో పడింది. అదేదో లాటరీ లాగా తీస్తారట. పడిన ఇంటికి మూడు నెలలకొకసారి మళ్ళీ మళ్ళీ వస్తారట. బాబాయి వచ్చాడు. నేను రేషన్ షాపు దగ్గర వరసలో ఉన్నాను. మా అత్తగారు కుర్చీ వేసి కూర్చోబెట్టి మా ఇంటిల్లిపాది సంగతీ తానే చెప్పేసింది.

నేనొచ్చేసరికి ఆవిడ మహా గర్వంగా ఉంది. "మా ఇంట్లో ఖాళీగా కూర్చునేటోళ్ళు ఎవురూ లేరని చెప్పా. వాడు గేదెల్ని చూసుకుంటన్నాడు. నువ్వు ఇంటిపట్టున ఉంటన్నావు. మీ బాబాయి రాసుకుపోయాడు" అంది.

మాకున్నది రెండెకరాల చేను, రెండు గేదెలు. కానీ మా వైపు రెండెకరాలున్న ఇంట్లో కూడా కొడుకు ఖాళీగా ఉన్నాడని బయట ఒప్పుకోరు. ప్రాణం పోయినా ఒప్పుకోరు. పని పోయి గడ్డం పెంచుకుని మంచం మీద దొర్లుతున్నవాణ్ణి పట్టుకుని "వ్యవసాయం చేయిస్తన్నాడు" అంటారు. కోడలి ఉద్యోగం పోయిందంటే అసలది లెక్కలోదే కాదు, ఆవిడ ఎప్పుడూ ఇంట్లోనే ఉన్నట్టు. నేను సంచి అక్కడే పడేసి వీధిలోకి పరిగెత్తాను. బాబాయి నాలుగో ఇంటి గేటు దగ్గరున్నాడు.

"ఏంది బాబాయ్ నువ్వు రాసింది? మా ఇద్దరి పనులూ పోయినయ్యని నీకు తెలీదా? పోయిన వారమే కదా నీ ముందు ఏడ్చింది!"

"నాకు తెలుసమ్మాయ్. కానీ నాకు తెలిసింది..."

"రాయవు! ఆ ముక్క నాకు చెప్పమాక. మరి నన్ను అడిగావా? నా సంగతి నన్ను అడక్కుండా మా అత్తని అడిగి రాస్తావా?"

ఆయన మొహం వాడిపోయింది. "అది నిజమే. నువ్వొచ్చేదాకా ఆగాల్సింది. తప్పు నాదే. పంపించేశానమ్మా, వెళ్ళిపోయింది. మూడు నెలలకి మళ్ళా వస్తాగా, నీ సంగతి నువ్వే చెబుదువుగాని" అన్నాడు. తప్పు నాదే అని అంత తేలిగ్గా ఒప్పుకునే మనిషితో తగాదా ఎట్లా పెట్టుకుంటాం? దాంతో ఇంకా మండింది నాకు.

సంక్రాంతి వెళ్ళాక ఒక రోజు టీవీలో ఎవరో టై కట్టుకున్నాయన మాంద్యం ఉన్నా నిరుద్యోగం పెద్దగా పెరగలేదని, భయపడాల్సిన పనిలేదని చెబుతున్నాడు. మా ఆయన మంచం మీద పడుకుని చూస్తున్నాడు. "విన్నావా? మనకి నిరుద్యోగం లేదంట" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. తిన్నగా బాబాయి ఇంటికి వెళ్ళాను. ఆయన అరుగు మీద కూర్చుని స్కేలు పెట్టి పేపర్లో వాక్యాల కింద గీతలు గీసుకుంటున్నాడు. అదొక అలవాటు ఆయనకు.

"మీదంతా అబద్ధాల లెక్క బాబాయ్" అన్నాను, కూర్చోకుండానే.

"అంకె అబద్ధం చెప్పదమ్మాయ్. అడిగినదానికి జవాబు చెబుద్ది. మనం అడిగిందేంది? పోయిన ఏడు రోజుల్లో ఒక్క గంటన్నా పని చేశారా అని. కడుపు నిండిందా అని అడగలా."

"మరి అడగొచ్చుగా!"

"చానా అడుగుతాం. ఎన్ని గంటలు చేశారు, జీతమొచ్చిందా, సొంతింటి పనేనా, అన్నీ. టీవీవోడు పై అంకె ఒక్కటి చదివి లేచిపోతాడు. నువ్వు కింది వరసలు కూడా చదువు. ఇట్టాంటి రోజుల్లో పొలం పనోళ్ళు పెరిగారని ఉంటే సంబరపడమాక. టౌన్లో పని పోయినోళ్ళు గేదెల కాడికొచ్చారని అర్థం. జీతం లేకుండా ఇంటి కొట్లో కూర్చునేటోళ్ళు పెరిగారనుంటే ఇంకా భయపడు."

"ఇంతకీ ఆ పై అంకెని నమ్మాలా, వద్దా? ఒక్క మాటలో చెప్పు."

ఆయన స్కేలు పక్కన పెట్టాడు. "అందరినీ ఒకే ప్రశ్న ఒకే తీరుగా అడుగుతాం. పోయినేడుకీ ఈ ఏడుకీ పోల్చటానికి పనికొస్తది. మీ ఇంట్లో బాధ కొలవటానికి పనికిరాదు. నమ్మొద్దని నేనెట్టా అంటానే, నా తిండే అది. నమ్ము. నమ్మి ఊరుకోమాక."

పిన్ని లోపల్నుంచి "ఇద్దరూ అన్నానికొస్తారా, లెక్కలే తింటారా?" అని కేకేసింది. నేను అక్కడే తిన్నాను. తింటూ కూడా పోట్లాడాను.

మార్చి మొదట్లో రెండోసారి వచ్చాడు. ఈసారి నేను గడప దగ్గరే కాపు కాశాను. అత్తగారిని నోరెత్తనివ్వలేదు. ఆయన ట్యాబ్ తెరిచి, గొంతు సవరించుకుని, నన్ను మీరు అనడం మొదలుపెట్టాడు. "గడిచిన ఏడు రోజుల్లో ఏదన్నా ఒక రోజు, కనీసం ఒక్క గంట, కూలికి గాని మరో రకంగా గాని పని చేశారాండీ?"

చచ్చాను. ఆ వారమే మిరపకాయల తొడిమలు తీయడానికి మూడు రోజులు వెళ్ళాను. ఇంట్లో సరుకులు నిండుకున్నాయి, వెళ్ళక ఏం చేస్తాను? అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. చెప్పాను. ఆయన వేలితో ఎక్కడో నొక్కాడు.

"ఏం రాశావ్?"

"పనిలో ఉన్నారని."

"ఏంది? ఆరేళ్ళు ఏసీ గదిలో బిల్లులు కొట్టిన మనిషిని, ఘాటుకి తుమ్మలేక, కళ్ళు మండి, రాత్రంతా చేతులు నీళ్ళలో పెట్టుకుని కూర్చుంటే, నేను పనిలో ఉన్నట్టా?"

"ఒక్క గంట చాలండీ. మీరు మూడు రోజులు చేశారు."

"మీరు మీరు అనమాక నన్ను!" అని అరిచాను. ఎదురింటివాళ్ళు బయటికి వచ్చి చూశారు.

ఆయన ట్యాబ్ మూసి సంచిలో పెట్టుకున్నాడు. అప్పుడు 'నువ్వు'లోకి దిగాడు. "అమ్మాయ్, చానా ఇళ్ళు తిరిగి చెబుతన్నా. నిరుద్యోగిగా ఉండాలన్నా కాస్త స్తోమతుండాలే. నాలుగు నెలలు కూర్చుని తినగలిగినోడే ఉద్యోగం వెతుకుతన్నానని నాతో చెప్పగలడు. లేనోడు ఏది దొరికితే అది చేస్తాడు, నా లెక్కలో పనోడైపోతాడు. ఇంకొకడు వెతికి వెతికి విసిగిపోయి మానుకుంటాడు. వాడు అసలు పనే అక్కర్లేనోడి కింద పోతాడు. మాంద్యం ముదిరితే అంకె పెరగాలని నువ్వనుకుంటన్నావు. ఒక్కోసారి అట్టా పెరగదు."

ఇదంతా తెలిసి కూడా మళ్ళీ పక్కింటికి పోయి అదే ప్రశ్న అదే గొంతుతో అడిగాడు. నాకు తిక్క రేగింది. మొదటిసారి నన్ను అసలు పనే అడగని ఇల్లాలి కింద వేశాడు, రెండోసారి పనిలో ఉన్న మనిషి కింద వేశాడు. మధ్యలో నా ఉద్యోగం పోయిందన్న ముక్క ఏ కాగితంలోనూ లేకుండా ఎగిరిపోయింది. ఆరేళ్ళు. పొద్దున తొమ్మిదింటికల్లా తల దువ్వుకుని, టిఫిన్ బాక్సు పెట్టుకుని బయల్దేరిన ఆరేళ్ళు. అది పోయిందని ఒక్కచోటన్నా, ఒక్క గడిలోనన్నా రాసి ఉండాలి కదా! డబ్బు ఇవ్వమనలేదు, పని ఇప్పించమనలేదు. రాయమన్నాను, అంతే.

మూడోసారికి నేను చేసిన పని చెబితే మీరు నన్ను పిచ్చిదనుకుంటారు. జూన్‌లో తొలకరి పడి పత్తి గింజలు పెట్టే పనులు మొదలయ్యాయి. సర్వే వచ్చే రోజులు దగ్గర పడ్డాయని లెక్కేసుకుని, కూలికి పిలవడానికి వచ్చిన ముఠా ఆవిడకు రానన్నాను. ఆ వారం రానన్నాను, ఆ పై వారమూ రానన్నాను. మా అత్తగారు నెత్తి కొట్టుకుంది.

"ఏమే, మతుండే చేస్తన్నావా? లెక్కలో పడటానికి చేతికొచ్చిన కూలి పోగొట్టుకుంటావా?"

"అవును, పోగొట్టుకుంటా."

"ఇంతకీ ఏమని పడాలి నువ్వు?"

"పని లేనిదాన్నని."

"ఛీ, పాడు మాట" అని ఆవిడ లోపలికి పోయింది.

బాబాయి అనుకున్నదానికన్నా ఆలస్యంగా వచ్చాడు. మనిషి చిక్కినట్టున్నాడు. ట్యాబ్ తేలేదు. కాగితాలు తెచ్చాడు, చేత్తో గీతలు గీసి గళ్ళు వేసినవి. "ట్యాబ్ రిపేరుకిచ్చా" అన్నాడు. నేను ఆ రోజు పరీక్ష రాసే పిల్లలాగా ఉన్నాను, దేన్నీ పట్టించుకోలేదు. గడిచిన ఏడు రోజుల్లో పని చేశారా అండీ? చేయలేదండీ. పని దొరికితే చేస్తారాండీ? చేస్తానండీ. పని కోసం ప్రయత్నం చేశారాండీ? చేశానండీ, పురుగుమందుల షాపులో అడిగాను, ప్రైవేటు స్కూలు ఆఫీసులో అడిగాను, పాత యజమానికి ఫోన్ చేశాను. ఆయన ఒక్కొక్కటీ గుండ్రటి అక్షరాలతో నెమ్మదిగా రాశాడు. రాసి కాగితం నా వైపు తిప్పి చూపించాడు. నిరుద్యోగి.

నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. నిరుద్యోగి అని రాయించుకుని సంతోషపడ్డ మనిషిని దేశం మొత్తం మీద నేనొక్కదాన్నే అనుకుంటాను. కాఫీ తాగుతావా బాబాయ్ అన్నాను. డ్యూటీ అంటాడనుకున్నాను. "ఇయ్యమ్మా" అన్నాడు. చివరి చుక్కదాకా తాగి, గ్లాసు తానే కడిగి పెట్టి వెళ్ళాడు. అప్పుడన్నా నాకు అనుమానం రావొద్దూ? రాలేదు.

ఆయన పోయిన మూడో రోజు సర్వే ఆఫీసు నుంచి ఒక పెద్దాయన పలకరించడానికి వచ్చాడు. పిన్నితో రెండు మాటలు మాట్లాడి బయటికి వస్తే నేను గేటు దాకా వెళ్ళాను. మా వీధికి మళ్ళీ ఎవరొస్తారండీ అని అడిగాను. "ఈయన్ని ఆపేశాక కొత్తవాళ్ళు దొరకలేదమ్మా. మీ వీధి జూన్‌లో చేయాల్సింది, మిగిలిపోయింది" అన్నాడు.

"ఆపేయడమేమిటి?"

"మార్చితో కాంట్రాక్టు అయిపోయింది కదా. రెన్యువల్ రాలేదు. మీకు తెలియదా? ఐదు నెలలైంది."

ఐదు నెలలు! ఐదు నెలలుగా ఈ మనిషి రోజూ ఇస్త్రీ చొక్కా వేసుకుని, క్యారేజీ పట్టుకుని, బ్యాగు తగిలించుకుని పోయి బస్టాండులో కూర్చున్నాడు. జూన్‌లో నా దగ్గరికి వచ్చి, ఇంట్లో గీసుకున్న గళ్ళల్లో నన్ను నిరుద్యోగిగా రాసి కాఫీ తాగి వెళ్ళాడు. నేను రెండు వారాల కూలి వదులుకుని సంపాదించిన గడి అది! ఏ లెక్కలోనూ చేరలేదు. వస్తానన్నాడు కాబట్టి వచ్చాడు. రాకపోతే నేను బాధపడతానని వచ్చాడు. ఏం మనిషివయ్యా నువ్వు! ఒక్క మాట చెబితే నేను తిట్టి ఊరుకునేదాన్ని కదా. నువ్వూ నేనూ ఒకటే అయ్యామే అమ్మాయ్ అంటే, ఇద్దరం అరుగు మీద కూర్చుని ఆ టీవీవాణ్ణి తిట్టుకునేవాళ్ళం కదా.

ఆ ఐదు నెలల్లో ఎవరైనా సర్వేకని వాళ్ళింటికి వచ్చి ఉంటే పిన్ని ఏం చెప్పేది? ఆఫీసుకెళ్ళాడయ్యా అనేది. పనిలో ఉన్న మనిషి. అట్లా రాసుకుపోయేవాళ్ళు.

పెద్ద కర్మ అయిన మర్నాడు పిన్ని నన్ను పిలిచి ఆయన బ్యాగు ఇచ్చింది. "నువ్వు చదువుకున్నదానివి. ఆఫీసుకి ఇవ్వాల్సినయ్యి ఏమన్నా ఉన్నయ్యేమో చూడమ్మా" అంది. నా కాగితం అందులోనే ఉంది, మడత నలగకుండా. దాని కింద ఇంకొక కాగితం. అవే గళ్ళు, అవే ప్రశ్నలు. కుటుంబ యజమాని. వయసు యాభై ఎనిమిది. గడిచిన ఏడు రోజుల్లో పని చేశారా, లేదు. పని కోసం ప్రయత్నం చేశారా, చేశాను. ఆ కింద ఒక పొడుగాటి జాబితా. తనను తానే 'మీరు' అంటూ అడిగి, తానే జవాబు రాసుకున్నాడు.

"ఏందవి?" అంది పిన్ని.

దాదాపు ఏడాదిపాటు వీధిలో నిలబడి నిజం రాయమని అరిచిన నేను, ఉన్నదున్నట్టు చెప్పలేదని అత్తగారి మీద నిప్పులు చెరిగిన నేను, "ఆఫీసు కాయితాలే పిన్నీ" అన్నాను.

పిన్ని నా మొహంలోకి చూసింది. "నువ్వు కూడానా?" అంది. "నాకు ఏప్రిల్ నుంచే తెలుసే. క్యారేజీలో అన్నం సగం తిరిగొచ్చేది. ఇళ్ళు తిరిగేటప్పుడు మెతుకు మిగిల్చేవాడు కాదు ఆయన."

"మరి అడగలేదేం పిన్నీ?"

"అడిగితే చెప్పాలిగా పాపం. చెప్పిన మర్నాటినుంచి పొద్దున్నే తయారై ఎక్కడికి పోతాడు?" కొంగుతో మొహం తుడుచుకుని గోడకు చేరగిలబడింది. "చదువు. ఎక్కడెక్కడ అడిగాడో చదువు."

చదివాను. సిమెంటు దుకాణం, లెక్కలు రాయడం, వాళ్ళబ్బాయే చూసుకుంటాడట. పిన్ని ఊ అంది. ప్రైవేటు స్కూలు ఆఫీసు, వయసు ఎక్కువన్నారు. ఊ. పెట్రోలు బంకు, నిలబడగలవా అని అడిగారు, నిలబడతానన్నాను, కబురు చేస్తామన్నారు. ఊ. చిన్నపిల్లలు కథ వింటూ అన్నట్టు ఒక్కో పేరుకూ ఊ కొడుతూనే ఉంది. చివరి వరస ఆయన పోయే ముందు రోజుది, గురజాల దగ్గర మిరపకాయల కోల్డ్ స్టోరేజీ. బిల్లులు రాసే పని. కంప్యూటరు రావాలన్నారు, నాకు అంతగా రాదు. మా శావల్యాపురం అమ్మాయి ఉంది, బాగా చేస్తుందని చెప్పాను. వచ్చే వారం తీసుకురమ్మన్నారు.

అక్కడితో ఆయన రాసింది అయిపోయింది. పిన్ని కళ్ళు మూసుకునే "ఊ" అంది, ఆ తర్వాతేమైందో చెప్పమన్నట్టు.